తల్లి తెలుగు, తండ్రి ఆఫ్రికన్ అమెరికన్: ఎనిమిదేళ్ల బాలుడి కేస్ స్టడీ

అట్లాంటా ఉత్తర శివార్లలో పిల్లలకు, కుటుంబాలకు చికిత్స అందించే క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఈ కేసును తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వారి ఉద్యోగాలు, ఊళ్లు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. బడి పేరు చెప్పడం లేదు. ఆఫ్రికన్ అమెరికన్లను పెళ్లి చేసుకున్న తెలుగువారి కుటుంబాలు నా దగ్గరకు వస్తున్నాయి. ఆ పిల్లల పెంపకంలో ఎదురయ్యే ప్రశ్నల గురించి తెలుగులో ఎవరితో మాట్లాడాలో ఆ తల్లులకు, తండ్రులకు తెలియడం లేదు. బంధువుల సలహాలు ఎక్కువగా "పట్టించుకోకండి, పెద్దయితే అన్నీ సర్దుకుంటాయి" అనే దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ కేసులో ఆ సలహా ఎందుకు పనికిరాలేదో, దాని స్థానంలో ఏం చేశామో వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఎందుకు వచ్చారు

బాలుడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి చదువుతున్నాడు. తండ్రి పొడుగు వచ్చింది కాబట్టి తరగతిలో అందరికంటే తల పైకి కనిపిస్తాడు. బడి పంపిన లేఖలో "తరచూ దూకుడుగా ప్రవర్తిస్తున్నాడు, తోటి పిల్లలు భయపడుతున్నారు, టీచరుకు ఎదురు చెబుతున్నాడు" అని రాసి, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) గానీ ఆపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ (పెద్దలను అదేపనిగా ధిక్కరించే రుగ్మత) గానీ ఉందేమో పరీక్ష చేయించమని సూచించారు. ఆ లేఖకు ముందే అదే సంవత్సరంలో కొన్ని క్రమశిక్షణ నివేదికలు, ఒకరోజు సస్పెన్షన్ అతని రికార్డులోకి ఎక్కాయి.

తల్లి ఒక ఫైలు తెచ్చి అందులోంచి రెండు కాగితాలు తీసి నా బల్ల మీద పక్కపక్కన పెట్టారు. మొదటిది బడి నర్సు ఇచ్చిన చీటీ. మైదానంలో ఒకరినొకరు తరిమి ముట్టుకునే ఆటలో వేరే పిల్లవాడు వచ్చి ఢీకొట్టడంతో బాలుడి పెదవి చిట్లిందని, అది "ఆటలో తగిలిన దెబ్బ" అని అందులో ఉంది. రెండో కాగితం కొద్దిరోజుల తర్వాత వచ్చిన సస్పెన్షన్ నివేదిక. అదే ఆట, అదే చోటు. ఈసారి ఇతను ఢీకొడితే ఇంకో పిల్లవాడి మోకాలు గీరుకుపోయింది. నివేదికలో "బెదిరించే విధంగా మీద పడ్డాడు" అని రాశారు. తల్లి ఆ రెండు వాక్యాల కింద పెన్సిలుతో గీత గీసి ఉంచారు గానీ, వాటి గురించి బడిలో ఎవరినీ అడగలేదు.

ఆమె చెప్పిన మిగతా ఇబ్బందులు ఇవి. సోమవారం పొద్దున కడుపునొప్పి అంటాడు. పిల్లల డాక్టరు పరీక్షించి శారీరక కారణమేమీ లేదన్నారు. క్లాసులో సమాధానం తెలిసినా చెయ్యెత్తడం మానేశాడు. స్నానాల గదిలో చాలాసేపు ఉంటున్నాడు, మోచేతులు ఎర్రబడేదాకా సబ్బుతో రుద్దుకుంటున్నాడు. "మందు ఏదైనా అవసరమైతే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పండి మేడం, వాడి మీద ఆ ముద్ర మాత్రం పడకూడదు" అన్నారామె. తండ్రి ఆరోజు దాదాపు ఏమీ మాట్లాడలేదు. చివర్లో మాత్రం తన కొడుక్కి జబ్బేమీ లేదని, ఈ మాటలు తన చిన్నప్పుడు తన గురించి కూడా రాశారని చెప్పారు.

కుటుంబం

తల్లిది తెనాలి దగ్గరి పల్లె. ఇంజినీరింగ్ చదివి, ఎం.ఎస్. కోసం అమెరికా వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డారు. "బాగా చదువుకో, ఎవరితోనూ గొడవ పెట్టుకోకు, మన పని మనం చేసుకుపోతే ఎవరూ ఏమీ అనరు" అనే మాట మీద ఆమె పెరిగారు, ఆ మాట ఆమె జీవితంలో నిజంగానే పనిచేసింది. కొడుకు విషయంలోనూ అదే పనిచేస్తుందని నమ్మారు. పెళ్లికి ఆమె తండ్రి ఒప్పుకోలేదు. మనవడు పుట్టేదాకా కూతురితో మాట్లాడలేదు.

తండ్రి అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి పెరిగిన ఫార్మసిస్టు. ఆయన తల్లి 1963 మేలో, స్కూలు పిల్లగా ఉన్నప్పుడు, ఆ నగరంలో పిల్లలు చేసిన ఊరేగింపుల్లో నడిచారు. పోలీసు కుక్కలను, అగ్నిమాపక యంత్రాల నీటి గొట్టాలను పిల్లల మీదికి వదిలిన ఊరేగింపులవి. అదే ఏడాది సెప్టెంబరు 15న సిక్స్‌టీన్త్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు. ఆ ఊళ్లో ఆ తరం తర్వాత పెరిగిన పిల్లలకు జాగ్రత్తలు చెప్పడం అన్నం పెట్టడమంత మామూలు పని. దుకాణంలో జేబులో చెయ్యి పెట్టుకోకూడదు, రసీదు పారేయకూడదు, తల మీద హుడ్ వేసుకుని వీధిలోకి పోకూడదు, పోలీసు ఎదురైతే చేతులు కనబడేలా ఉంచాలి. ఈ పాఠాలు ఆయన ఒంట్లో ఇంకిపోయాయి.

ఇద్దరూ ఒకరినొకరు ఎంతో ప్రేమించుకునే మనుషులు. అయినా కొడుక్కి ఏం చెప్పాలన్న విషయంలో ఇంట్లో రెండు వేర్వేరు మాటలు నడుస్తున్నాయి. అది ఇల్లు కొనే దగ్గర బయటపడింది. స్కూళ్ల రేటింగు చూసి, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్నాయని చూసి, జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో ఇల్లు కొందామని తల్లి పట్టుబట్టారు. తండ్రి కారణం చెప్పకుండా వాయిదా వేస్తూ వచ్చారు. 1912లో ఆ కౌంటీలో వెయ్యిమందికి పైగా ఉన్న నల్లజాతి ప్రజలను శ్వేతజాతి మూకలు ఇళ్ల మీద పడి తరిమేశాయి. ఆ తర్వాత దశాబ్దాలపాటు నల్లవారు అక్కడ నివసించే పరిస్థితి లేదు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ముందుండి నడిపిన శాంతియాత్ర మీద రాళ్లు, సీసాలు విసిరారు; తర్వాతి వారం ఇరవై వేల మంది దాకా వచ్చి మళ్లీ నడిచారు. ఇప్పుడక్కడ నల్లజాతి కుటుంబాలు కూడా ఉంటున్నాయి, జనాభాలో వారు సుమారు 4 శాతం. ఈ చరిత్ర తండ్రికి చిన్నప్పటినుంచీ తెలుసు. పదేళ్లకు పైగా జార్జియాలో ఉన్న తల్లికి నా గదిలో కూర్చునేదాకా తెలియదు. అక్కడ సొంత ఇళ్లున్న మన తెలుగువారిలోనూ చాలామందికి తెలియదని నా అనుభవం.

పరీక్షలు, పరిశీలన

ఏడీహెచ్‌డీ నిర్ధారణకు ఒక ముఖ్యమైన షరతు ఉంది: లక్షణాలు కనీసం రెండు వేర్వేరు చోట్ల కనిపించాలి. ఈ లక్షణాలను మార్కుల్లో కొలిచే వాండర్‌బిల్ట్ ప్రశ్నావళిని తల్లిదండ్రులకు, క్లాసు టీచరుకు, శనివారం చెస్ నేర్పే శిక్షకుడికి ఇచ్చాను. టీచరు వేసిన మార్కులు హద్దు దాటాయి. తల్లిదండ్రులవి, చెస్ శిక్షకుడివి దాని దగ్గరికి కూడా రాలేదు. చదరంగం బల్ల ముందు గంటకు పైగా కదలకుండా కూర్చునే పిల్లవాడికి క్లాసులో మాత్రమే ఏకాగ్రత పోతోందంటే, ముందుగా క్లాసును చూడాలి. పఠన సామర్థ్యం అతని తరగతి స్థాయికి మించే ఉంది.

బడి అనుమతితో తరగతి గదిలో కూర్చుని చూశాను. ఇలాంటి పరిశీలనలో మన పిల్లవాడిని ఒక్కడినే చూస్తే ఏమీ తేలదు. పదిహేను సెకన్లకొకసారి చూసి గుర్తు పెట్టుకుంటూ, మధ్యమధ్యలో అదే వయసున్న ఇంకొక పిల్లవాడిని కూడా అదే విధంగా గమనించి, రెండింటినీ పోల్చాలి. పనిలో ఉన్న సమయంలో గానీ, పక్కకు మాట్లాడటంలో గానీ, సీటులోంచి లేవడంలో గానీ ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పేరు పెట్టి పిలిచి మందలించడం మాత్రం ఎక్కువగా ఇతనికే జరిగింది. ఒకసారి ముగ్గురు పిల్లలు కలిసి నవ్వారు. టీచరు ఇతని పేరు ఒక్కటే పిలిచారు. మిగతా ఇద్దరూ కాసేపు అలాగే నవ్వుతూ ఉన్నారు, ఇతను పుస్తకం దగ్గరికి లాక్కుని ఆ గంట అయ్యేదాకా తల ఎత్తలేదు.

ఆ టీచరు మంచి మనిషి. పిల్లల కోసం సొంత డబ్బుతో పుస్తకాలు కొనే రకం. ఈ కేసు చదివేవారు ఆమెను దుర్మార్గురాలిగా ఊహించుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గిలియమ్ బృందం 2016లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రీస్కూల్ టీచర్లకు నలుగురు పిల్లలు ఆడుకునే వీడియో చూపించి, అల్లరి ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టమన్నారు. నిజానికి ఆ వీడియోలో అల్లరే లేదు. టీచర్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో యంత్రంతో కొలిస్తే, అవి నల్లజాతి బాలుడి మీదే ఎక్కువసేపు నిలిచాయి. కళ్లు ఎక్కడ వెతుకుతాయో తప్పులు అక్కడే దొరుకుతాయి. అమెరికా విద్యాశాఖ లెక్కల్లో 2013-14లో ప్రీస్కూల్ పిల్లల్లో నల్లజాతి పిల్లలు 19 శాతం ఉండగా, ఒక్కసారైనా సస్పెండ్ అయిన ప్రీస్కూల్ పిల్లల్లో వారు 47 శాతం. అంటే మూడు నాలుగేళ్ల పిల్లల దగ్గరే ఇది మొదలవుతోంది. రసెల్ స్కీబా బృందం 2002లో వెలువరించిన అధ్యయనం మరో తేడాను పట్టుకుంది. శ్వేతజాతి విద్యార్థులను పొగతాగడం, వస్తువులు పగలగొట్టడం వంటి కంటికి కనబడే తప్పులకు ఆఫీసుకు పంపుతుండగా, నల్లజాతి విద్యార్థులను అమర్యాద, బెదిరింపు, అతిగా గోల వంటి, చూసేవారి అభిప్రాయం మీద ఆధారపడే తప్పులకు పంపుతున్నారు. మన బాలుడి నివేదికలన్నీ ఈ రెండో రకానివే.

పొడుగు విషయం కూడా పట్టించుకోవలసిందే. ఫిలిప్ గాఫ్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో, నేరం చేశారని అనుమానించిన నల్లజాతి బాలురి ఫొటోలు చూసినవారు వారి వయసును సగటున నాలుగున్నరేళ్లు ఎక్కువగా అంచనా వేశారు. ఎనిమిదేళ్ల పిల్లవాడు పన్నెండేళ్లవాడిలా కనిపిస్తే, ఎనిమిదేళ్ల పిల్లల ఆట పన్నెండేళ్లవాడి దౌర్జన్యంలా కనిపిస్తుంది.

ఇంటి బొమ్మ గీయమంటే నాన్నను గోధుమరంగు క్రేయానుతో, అమ్మను లేత గోధుమరంగుతో, తనను పీచ్ రంగుతో, అంటే తెల్లవారి ఒంటి రంగుకు దగ్గరగా ఉండే లేత రంగుతో నింపాడు. నల్లబొమ్మ, తెల్లబొమ్మ ముందు పెట్టి ఏది మంచిదని పిల్లలను అడిగిన కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతుల ప్రయోగాలు బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ కేసు తీర్పులో ప్రస్తావనకు వచ్చాయి కాబట్టి, ఇలాంటి బొమ్మ చూడగానే ఆత్మద్వేషమని తేల్చేయాలనిపిస్తుంది. ఒక్క బొమ్మ మీద నేను ఏ నిర్ణయానికీ రాను. సబ్బుతో రుద్దుకోవడం, చెయ్యెత్తడం మానేయడం, కడుపునొప్పి దానికి తోడయ్యాయి కాబట్టి లెక్కలోకి తీసుకున్నాను.

నా అంచనా

ఏడీహెచ్‌డీ లేదు, ఆపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ లేదు. ఆందోళనతో కూడిన అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ (ఒత్తిడి కలిగించే పరిస్థితికి సర్దుకోలేక వచ్చే ఇబ్బంది) లక్షణాలు ఉన్నాయి కాబట్టి అది రాశాను. దాంతోపాటు జబ్బుల వర్గీకరణ పట్టికలో వివక్షకు గురికావడాన్ని సూచించే జడ్60.5 (Z60.5) సంకేతాన్ని కూడా ఫైలులో నమోదు చేశాను. ఈ సంకేతం ఒక్కదానికే బీమా సంస్థలు సాధారణంగా డబ్బు చెల్లించవు కాబట్టి చాలామంది రాయకుండా వదిలేస్తారు. అది రాయకపోతే పిల్లవాడి బాధకు కారణం పిల్లవాడిలోనే ఉన్నట్టు రికార్డు మిగిలిపోతుంది. జాత్యహంకారం పిల్లల ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019లోనే విధాన ప్రకటన చేసింది. ఆరోగ్య రికార్డులో ఆ మాట రాయడానికి వెనకాడవలసిన అవసరం లేదు.

పిల్లలకు కుటుంబం జాతి గురించి నేర్పే తీరును డయాన్ హ్యూస్ బృందం 2006లో నాలుగు రకాలుగా వర్గీకరించింది: సొంత సంస్కృతి, చరిత్రల పట్ల గౌరవం నేర్పడం, వివక్షకు సిద్ధం చేయడం, ఇతరులను నమ్మవద్దని చెప్పడం, అందరూ సమానమే అని చెప్పి లేదా ఏమీ చెప్పకుండా ఊరుకోవడం. ఈ ఇంట్లో తల్లిది నాలుగోది, తండ్రిది రెండోది. మొదటిది దాదాపు లేదు. గౌరవం తోడు లేకుండా జాగ్రత్తలు మాత్రమే చెబితే పిల్లవాడికి భయం మిగులుతుంది. ఏమీ చెప్పకపోతే జరిగినదానికి తనే కారణమని తేల్చుకుంటాడు. ఈ బాలుడికి రెండూ జరుగుతున్నాయి. కాబట్టి మొదట తల్లిదండ్రులతో, ఆ తర్వాత బడితో, వాటితోపాటు పిల్లవాడితో పనిచేయాలని నిర్ణయించాను.

నేను నల్లజాతి వ్యక్తిని కాను. తండ్రి అనుభవాన్ని పుస్తకాల ద్వారా, నా దగ్గరకు వచ్చినవారి ద్వారా మాత్రమే ఎరుగుదును. అందుకని మొదట్లోనే ఒక ఆఫ్రికన్ అమెరికన్ సహచర సైకాలజిస్టుతో ఈ కేసు గురించి క్రమం తప్పకుండా సంప్రదించే ఏర్పాటు చేసుకుని, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాను. కావాలంటే ఆమె దగ్గరికే వెళ్లవచ్చునని తండ్రికి చెప్పినప్పుడు, తన భార్యకు తెలుగులో చెప్పేవారు కావాలి కాబట్టి ఇక్కడే ఉంటామన్నారు.

తల్లిదండ్రులతో

తల్లికి నేను మొదట పరిశోధనల సంగతి చెప్పాను. విన్నారు, తల ఊపారు, నమ్మలేదు. ఆమెను కదిలించినది ఒక కవరు. భర్త కారు డాష్‌బోర్డు అరలో దుకాణాల రసీదులు నింపిన లావుపాటి కవరు ఎప్పుడూ ఉంటుంది. పాలప్యాకెట్టు కొన్న రసీదు కూడా అందులోకి వెళుతుంది. అది లెక్కలు చూసుకునే అలవాటని ఆమె ఇన్నేళ్లూ అనుకున్నారు. రసీదు లేక ఒకసారి తన పదిహేనో ఏట దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టారని, అప్పటినుంచీ ఒక్కటీ పారేయలేదని ఆయన నా గదిలోనే మొదటిసారి ఆమెకు చెప్పారు. "నాకెందుకు చెప్పలేదు?" అని ఆమె అడిగారు. చెబితే నువ్వు ఈ దేశంలో నిశ్చింతగా ఉండలేవని అనిపించిందన్నారాయన. ఆ సెషన్ అక్కడితో ఆపేశాను. ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్లి మాట్లాడుకోవలసిన విషయమది.

ఆ తర్వాత అసలు తగాదా సూటిగా నడిచింది. ఎనిమిదేళ్ల పిల్లవాడికి పోలీసుల గురించి చెప్పి భయపెట్టడమేమిటని తల్లి వాదన. తండ్రి టమిర్ రైస్ పేరు చెప్పారు. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో ఒక పార్కులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న పన్నెండేళ్ల నల్లజాతి బాలుడు టమిర్. పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే కాల్చారు. కాల్చాక పోలీసు రేడియోలో అతని వయసు ఇరవై దాకా ఉంటుందని చెప్పారు. ఎప్పుడు చెప్పాలో మనం నిర్ణయించుకునే వెసులుబాటు అవతలివాళ్లు ఇవ్వరన్నది ఆయన భయం. ఇందులో ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకని వయసును బట్టి ఒక వరుస కాగితం మీద రాసుకున్నాం. ఇప్పుడు చెప్పవలసినవి కొన్నే: రంగును బట్టి కొందరు మనుషులను తక్కువగా చూస్తారు, అది తప్పు, ఆ తప్పు నీది కాదు, అలా జరిగితే ఇంట్లో తప్పకుండా చెప్పాలి, మేం నీ మాట నమ్ముతాం. బొమ్మ తుపాకీ ఇంటి బయటికి వెళ్లకూడదన్న నియమాన్ని ఇప్పటినుంచే పెట్టాలని తల్లి కూడా ఒప్పుకున్నారు. దుకాణాల సంగతి పదేళ్లప్పుడు, ఒంటరిగా బయటికి వెళ్లే వయసు వచ్చేసరికి పోలీసుల సంగతి. ప్రతిదీ ఇద్దరూ కలిసి కూర్చుని చెప్పాలన్నది నేను గట్టిగా పట్టుబట్టిన షరతు. నాన్న ఒక్కడే చెబితే అది నాన్న భయంగా, అమ్మ మౌనం అమ్మ కాదనడంగా పిల్లవాడికి చేరుతుంది.

చెప్పవలసిన మాటలను నా ముందు ఇద్దరూ బిగ్గరగా పలికి చూసుకున్నారు. తల్లికి "నల్లజాతి పిల్లవాడివి" అనే మాట కొడుకును ఉద్దేశించి అనడం కష్టమైంది. "నువ్వు సగం ఇండియన్" దగ్గరే ఆగిపోయేవారు. బాలుడు తెలుగువాడే, అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. కానీ వీధిలో, బడిలో చూసేవారి కంటికి అతను నల్లజాతి బాలుడు. ఆ చూపు ఎదురైనప్పుడు ఆ పేరు గర్వంగా చెప్పుకునే అలవాటు ముందే ఇంట్లో అయి ఉండాలి. ఆ మాట అమ్మ నోటినుంచి రావడం, మిగతా ఎవరు చెప్పినదానికంటే, పిల్లవాడికి ముఖ్యం.

అమ్మమ్మ

ఆ సమయంలో అమ్మమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఇంట్లోనే ఉన్నారు. ఆదివారం మనవడికి నువ్వులనూనె రాసి, తెనాలి నుంచి తెచ్చిన సున్నిపిండితో నలుగు పెట్టేవారు. పెడుతూ "బాగా రుద్దుకో నాన్నా, కాస్త రంగు తేలతావు" అనేవారు. మోచేతులు రుద్దుకోవడం ఎక్కడినుంచి వచ్చిందో బాలుడే నాకు చెప్పాడు. బడిలో ఎవరూ అతని రంగు గురించి నేరుగా ఏమీ అనలేదు.

అమ్మమ్మను తప్పుపడుతూ మాట్లాడితే ఆ పెద్దావిడ ఇంట్లో ముడుచుకుపోతారు, మనవడికి ఉన్న ఒక పెద్ద ఆసరా పోతుంది. ఆమెను కూర్చోబెట్టి, మనవడు సబ్బుతో ఏం చేసుకుంటున్నాడో మాత్రం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, చామనఛాయ అని తన సంబంధాలు ఎన్ని వెనక్కి పోయాయో, తన తల్లి తనకు రోజూ నలుగు ఎలా పెట్టేదో చెప్పి, "నేను పడ్డది వీడు పడకూడదనే కదమ్మా నా ఆరాటం" అన్నారు. నలుగు మానవద్దని, ఆ మాట మాత్రం మార్చమని అడిగాను. ఇప్పుడు "మీ తాతలాగా నిగనిగలాడుతున్నావురా" అంటున్నారట.

ఇక్కడ ఒక విషయం తెలుగు పాఠకులకు స్పష్టంగా చెప్పాలి. మన ఇళ్లల్లోని రంగు పట్టింపు, అమెరికాలో నల్లజాతి మీద జరిగినది ఒకటి కాదు. ఇక్కడ రెండు శతాబ్దాలకు పైగా బానిసత్వం, ఆ తర్వాత చట్టాల రూపంలో వేర్పాటు, ఈనాటికీ పోలీసుల, కోర్టుల, బ్యాంకుల ప్రవర్తనలో దాని ఫలితాలు ఉన్నాయి. మాకూ రంగు బాధ తెలుసు అని ఆ తండ్రికి చెప్పడం ఓదార్పు కాదు. అయితే పిల్లవాడి ఒంటికి ఈ రెండూ ఒకేసారి తగులుతాయి. బడిలో దిద్దించి ఇంట్లో వదిలేస్తే సగం పనే అవుతుంది. ఉగాది వేడుకల్లో కోలాటానికి ఇతనితో జతకట్టడానికి ఒక పిల్ల నిరాకరించిందని, పక్కనే ఉన్న పెద్దలు నవ్వి ఊరుకున్నారని తల్లి చెప్పినప్పుడు, ఆ పెద్దలలో ఒకరితోనైనా మాట్లాడి తీరాలని నేను సలహా ఇచ్చాను. ఆమె మాట్లాడారు. ఆ కుటుంబం సరిగ్గా స్పందించలేదు, రాకపోకలు తగ్గాయి. ఆ నష్టం నిజమైనదే. దాన్ని ఆమె తెలిసి భరించారు.

బడితో

పిల్లల రికార్డులు చూసే హక్కు తల్లిదండ్రులకు 1974నాటి ఫెర్పా చట్టం ఇచ్చింది. అడిగిన 45 రోజుల్లోపు బడి చూపించాలి. మొదటి లేఖ ఆ చట్టం పేరుతో వెళ్లింది. రికార్డులు వచ్చాక, జార్జియాలో ప్రతి ప్రభుత్వ పాఠశాలలో ఉండే స్టూడెంట్ సపోర్ట్ టీమ్ (ఇబ్బంది పడే విద్యార్థికి ఏ సాయం కావాలో చూసే బృందం) సమావేశాన్ని కోరాం. ఆ సమావేశంలో జాత్యహంకారం అనే మాటతో మొదలుపెట్టలేదు. నర్సు చీటీని, సస్పెన్షన్ నివేదికను పక్కపక్కన పెట్టి, రెండు సంఘటనల్లో పిల్లలు చేసిన పనిలో తేడా ఏమిటో చెప్పమని తల్లే అడిగారు. ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దన్న మాట మీద పెరిగిన మనిషి ఆ ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా మాట్లాడకుండా కూర్చున్నారు. కౌన్సెలర్ చివరికి తేడా లేదని ఒప్పుకున్నారు.

మేం అడిగినవి చిన్నవి, అమలు చేయగలిగినవి. ఇకపై నివేదికల్లో "దూకుడు", "బెదిరింపు" వంటి మాటలు రాయకుండా చేతులు ఏం చేశాయో, నోరు ఏమన్నదో, అంతకుముందు ఏం జరిగిందో రాయాలి. ఆఫీసుకు పంపే ముందు టీచరు అదే పనికి ఇంకో పిల్లవాడిని పంపేవారా అని తనను తాను అడిగి చూసుకోవాలి. సస్పెన్షన్ నివేదికకు తల్లిదండ్రుల వివరణ జతచేయాలి. రోజుకు ఒకసారైనా అతను చేసిన సరైన పనిని పేరు పెట్టి మెచ్చుకోవాలి. నా పరిశీలన పత్రాన్ని టీచరుకు విడిగా చూపించాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, తర్వాత కొంత కోపం వచ్చింది, తర్వాత పనిచేశారు. ప్రిన్సిపాల్ మాత్రం నివేదికను రికార్డు నుంచి తీసివేయడానికి ఒప్పుకోలేదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, దాని వెనక తల్లిదండ్రుల వివరణ ఉంది.

బాలుడితో

పిల్లవాడితో చేసిన పని ఎక్కువగా ఆటలోనే సాగింది. బొమ్మలతో తరగతి గది కట్టి, నవ్విన ముగ్గురిలో ఒకరినే పిలిచే సంఘటనను ఆడించాను. పిలిపించుకున్న బొమ్మ ఏమనుకుంటుంది అని అడిగితే "నేనే చెడ్డవాడిని" అన్నాడు. పక్క బొమ్మ ఏం చూసింది అని అడిగితే ఆలోచించి, "ముగ్గురూ నవ్వారు" అన్నాడు. తను అనుకున్నది, నిజంగా జరిగినది వేరువేరని విడదీసి చూడటం అతనికి అక్కడినుంచి వచ్చింది. ఒళ్లు బిగుసుకున్నప్పుడు ఊపిరి నెమ్మదిగా వదలడం, "నాకు అన్యాయంగా అనిపించింది, తర్వాత మీతో మాట్లాడవచ్చా?" అని టీచరును అడగడం, ఇంటికి వచ్చి చెప్పడం అభ్యాసం చేశాం. రియానా ఆండర్సన్, హోవర్డ్ స్టీవెన్‌సన్ వంటి పరిశోధకులు ఇలాంటి సన్నివేశాలను కుటుంబమంతా కలిసి ముందే ఆడి చూసుకోవాలని చెబుతారు. తల్లిదండ్రులు కూడా కొన్నిసార్లు ఆ ఆటలో కూర్చున్నారు.

గౌరవం నేర్పే భాగం ఇంటి బయట జరిగింది. రెండు వారాలకొకసారి తండ్రి అతన్ని నల్లజాతివారి క్షౌరశాలకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అంతకుముందు ఇంట్లోనే తల్లి సన్నపళ్ల దువ్వెనతో పొడి జుట్టును లాగి దువ్వేవారు, పిల్లవాడు ఏడ్చేవాడు. ఉంగరాల జుట్టును తడిగా ఉన్నప్పుడే కండిషనర్ పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయాలని ఆమె అక్కడ నేర్చుకున్నారు. తన జుట్టు మొండిది కాదని, దాని పద్ధతి దానికుందని తెలియడం ఆ వయసు పిల్లవాడికి చిన్న విషయం కాదు. బర్మింగ్‌హామ్ నానమ్మ ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో 1963 ఊరేగింపు కథను కొంచెం కొంచెంగా చెప్పారు. భారతీయులకు అమెరికా తలుపులు తెరిచిన 1965 వలస చట్టం ఆ పౌరహక్కుల పోరాటం తర్వాతే వచ్చిందని తండ్రి ఒకరోజు కొడుక్కి చెబుతుంటే, తల్లి కూడా పక్కనే కూర్చుని విన్నారు.

ఇప్పటి స్థితి

విద్యాసంవత్సరం ముగిసేసరికి సోమవారం కడుపునొప్పి పోయింది. చెయ్యెత్తడం మళ్లీ మొదలైంది, ముందు లెక్కల గంటలో, ఆ తర్వాత మిగతా గంటల్లో. స్నానాల గదిలో గడిపే సమయం మామూలుకు వచ్చింది. కొత్త క్రమశిక్షణ నివేదికలు రాలేదు. టీచరు మళ్లీ నింపిన ప్రశ్నావళిలో మార్కులు హద్దుకు లోపలే ఉన్నాయి. పిల్లవాడు మారాడా, చూపు మారిందా అని అడిగితే రెండూ కొంత, చూపు ఎక్కువ అని నా అభిప్రాయం. ఇల్లు చివరికి గ్విన్నెట్ కౌంటీలో, ఏ ఒక్క జాతీ మెజారిటీ కాని చోట కొన్నారు. స్కూలు రేటింగు తల్లి కోరుకున్నదానికంటే తక్కువ. క్లాసులో నల్లజాతి పిల్లలు, నల్లజాతి టీచర్లు ఉన్నారు.

నాకు ఆందోళన మిగిలే ఉంది. మిడిల్ స్కూలుకు వచ్చేసరికి ఇతను ఆరడుగులకు దగ్గరపడతాడు. అక్కడ ఒక టీచరుకు బదులు ఆరేడుగురు ఉంటారు, బడిలో పోలీసు అధికారి ఉండే అవకాశం ఉంది, చేతిలోకి ఫోను వస్తుంది, అందులో నల్లవారిని కాల్చిచంపిన వీడియోలు వస్తాయి. అందుకని కేసును పూర్తిగా మూసివేయలేదు. ఏడాదికొకసారి, ఐదో తరగతి చివర తప్పనిసరిగా, తల్లిదండ్రులిద్దరూ రావాలని రాసుకున్నాం. ఆ సమావేశానికి దుకాణాల గురించిన మాట అప్పటికే చెప్పి ఉండాలి, పోలీసుల గురించిన మాటను ఇద్దరూ కలిసి నా ముందు పలికి చూసుకోవాలి, వీడియోల విషయంలో ఇంటి నియమం ఏమిటో నిర్ణయించుకుని రావాలి. మొదటి వాక్యం తనే చెబుతానని తల్లి ఫైలులో తన చేత్తో రాసి సంతకం పెట్టారు.